మధ్యలో ఖాళీ ఉన్న సీటు

“కూర్చో పలకా. ఒక్కసారి కూర్చుని లేమ్మా. అంతే కదా నేనడిగేది.”

మామయ్య కుర్చీ వెనక నిలబడ్డారు. కుర్చీలో ఆయన స్వయంగా చేసిన కొత్త సీటు ఉంది. కుర్చీ ముందు వదిన నిలబడి ఉంది, గోడకి ఆనకుండా, దేన్నీ పట్టుకోకుండా.

“తరవాత కూర్చుంటాలే నాన్నా.”

“తరవాతంటే ఎప్పుడు? వారం దాటింది. తిండి నిలబడి, టీవీ నిలబడి, పడుకుంటే బోర్లా. నిన్ను చూస్తుంటే ఇది ఇల్లులా లేదు, బస్టాపులా ఉంది.”

“బస్సొచ్చినా ఎక్కదు మీ కూతురు,” అంది అత్తయ్య వంటింట్లోంచి. “ఎక్కితే కూర్చోవాలిగా.”

మా ఆయన ఫక్కున నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. పెళ్లయి రెండు నెలలే. ఆయన నవ్వితే చాలు, కారణంతో నాకు పని లేదు. కానీ వదిన నావైపు చూసింది. నవ్వు సగంలో మింగేశాను.

ఈ ఇంట్లో సీటు గురించి ఎవరూ తేలిగ్గా మాట్లాడరు. కింద షాపు, పైన కాపురం. కింద కుర్చీలకీ సోఫాలకీ మెత్తలు కడతారు. మెట్ల పైదాకా జిగురు వాసన, కొత్త రెగ్జిన్ వాసన. సాయంత్రం మా ఆయన పైకొచ్చేసరికి జుట్టునిండా ఫోమ్ నలుసులు. వాటిని ఒక్కొక్కటే ఏరడం ఈ ఇంట్లో నాకు దొరికిన పనులన్నింటిలోకీ మంచి పని.

ఆ షాపుకో పద్ధతి ఉంది. వదిన కూర్చుని “సరే” అనందే ఏ సీటూ గుమ్మం దాటదు. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పటి అలవాటది. మామయ్య ఎత్తి కూర్చోబెట్టేవారట, లేచాక గుంట ఎంత పడిందో చూసేవారట. ఎంత మెత్తటి ఫోమ్ మీద కూర్చోబెట్టినా గుంట పడేది కాదట. అందుకే “పలక” అని పేరు పెట్టారు. ఇప్పుడు వదినకి ముప్పై అయిదు. పెళ్లి వద్దనుకుంది. షాపు ఆర్డర్లూ కొనుగోళ్లూ అన్నీ తనే చూస్తుంది. అయినా వీధి మొత్తానికీ, బట్ట అమ్మేవాళ్లకీ, లారీ డ్రైవరుకీ ఆమె పలకే.

సీటు బట్ట కొనడానికి నన్ను వెంటబెట్టుకుని వేరే ఊరు వెళ్తున్నానని చెప్పి, తిరిగొచ్చాక అక్కడ బాత్రూములో జారిపడ్డాననీ, తోకెముక దెబ్బతిందనీ చెప్పింది వదిన. కొత్త పెళ్లికూతురు పక్కనుంటే ఆ అబద్ధాన్ని ఎవరూ అనుమానించరని నన్ను ఎంచుకుంది. నన్ను “కొత్తా” అనే పిలుస్తుంది. నిజంగా మేం వెళ్లింది ఆసుపత్రికి. అక్కడ ఆమె రెండు పిరుదుల్లోనూ, కండరం లోపల, సిలికాన్ అమర్చారు.

ఇంట్లో ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే.

“ఇలా చూడు,” అన్నారు మామయ్య, సీటు మీద అరచెయ్యి పెట్టి. “తోకెముకకి ఏదీ తగలకూడదు. అందుకని మధ్యలో కోసేశా. బరువు మొత్తం ఈ రెండు పక్కలా పడుతుంది. పక్కలు రెండూ ఇంకాస్త బయటికి వాలేట్టు పెట్టా. నువ్వు కూర్చోగానే అవి విడిపోతాయి, మధ్యలో గాలాడుతుంది. హాయిగా ఉంటుంది.”

ఆయన చెప్పిన ప్రతి మాటా తోకెముకకి సరిపోతుంది. వదినకి జరిగినదానికి మాత్రం ప్రతి మాటా తలకిందులే. బరువు ఎక్కడ పడకూడదో సరిగ్గా అక్కడే పడుతుంది. ఏది విడిపోకూడదో అదే విడిపోతుంది.

సర్జన్ మా ఇద్దరికీ ఎదురుగా కూర్చుని చెప్పింది. వదిన వినేది తక్కువ, భయపడేది ఎక్కువగా ఉంది కనక నేనే గుర్తుపెట్టుకున్నాను.

“కోత రెండు పిరుదుల మధ్య ఇరుకులో పెడతాం. మచ్చ ఎవరికీ కనపడదు. కానీ అక్కడ చెమట, రాపిడి, లాగుడు, అన్నీ ఉంటాయి. ఈ ఆపరేషన్‌లో ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఆ కుట్టే. మూడు వారాలదాకా కూర్చోవద్దు. తరవాతైనా బరువు తొడల మీద వేసి ముందుకి వంగి కూర్చోవాలి. ఈ బిగుతు లాగు రాత్రీ పగలూ ఉండాల్సిందే. బోర్లా పడుకోవాలి. అలాగని మంచానికే అతుక్కుపోకండి, కాళ్లలో రక్తం గడ్డ కడుతుంది. ఇంట్లోనే కాస్త కాస్త నడవండి.”

“నొప్పి?” అని అడిగింది వదిన.

“ఉంటుంది. మొదటివారం తుమ్మినా తెలుస్తుంది. తిమ్మిరీ ఉంటుంది. ముట్టుకుంటే మీది కాదు, ఎవరిదో అనిపిస్తుంది. అది మెల్లగా తగ్గుతుంది. వాపు పోయి అసలు ఆకారం తెలియడానికి నెలలు పడుతుంది.”

“నవ్వచ్చా?”

“నవ్వండి. నిలబడి.”

ఆ రోజు బాగా నవ్వుకున్నాం. ఇప్పుడు వదిన నిలబడే ఉంది, నవ్వడం లేదు.

“ఏమ్మా, నాన్న చేసిన సీటంటే నమ్మకం పోయిందా?” అన్నారు మామయ్య. గొంతు తగ్గింది. “సినిమాహాలు ఆర్డరు సీట్లన్నీ పక్కన పెట్టి చేశాను. కత్తి పట్టుకుని ఏడాదయింది. చెయ్యి వణుకుతోందని మీ తమ్ముడు పట్టుకోనివ్వట్లేదు. ఇది నేనే కోశా. నేనే కుట్టా.”

“నాన్నా, అలా కాదు...”

“మరెలా?”

 నేను మాట్లాడాను. మాట్లాడకుండా ఉండాల్సింది.

“ఇప్పుడే వద్దు మామయ్యా. కుట్లు లాగుతాయి.”

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది. అత్తయ్య చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

“కుట్లా? ఏ కుట్లు?”

నేను మా ఆయనవైపు చూశాను. ఆయన నావైపు అమాయకంగా చూశాడు.

“జారిపడితే కుట్లెందుకు పడ్డాయే? చర్మం చీలిందా? ఎక్కడ? మాకెందుకు చెప్పలేదు?” అత్తయ్య ఒక్కో ప్రశ్నకీ ఒక్కో అడుగు ముందుకి వేసింది. “ఏదీ, చూపించు.”

“ఏం లేదమ్మా! కొత్తకి మాటలు రావు. నరాలు లాగుతాయని చెప్పబోయింది,” అంది వదిన.

అత్తయ్య ఆగలేదు. వదిన ఒక్క క్షణం తల్లినీ, ఒక్క క్షణం తండ్రినీ చూసింది. తరవాత రెండు చేతులతో కుర్చీ పట్టుకుని కూర్చుంది.

“ఇదిగో, కూర్చున్నా. సరేనా? ఇక గొడవ ఆపండి.”

మామయ్య ముఖం విచ్చుకుంది. “ఎలా ఉంది?”

“బాగుంది నాన్నా.”

“రెండు పక్కలా సమంగా దిగుతోందా?”

“సమంగానే దిగుతోంది.”

“ఉండు, లేవకు. ఎడమపక్క ఒక పిసరు ఎత్తుందేమోనని అనుమానం. చాక్‌పీసు తెచ్చి గుర్తు పెడతా.”

ఆయన మెట్లు దిగారు. కింద సొరుగులు తెరుస్తున్న చప్పుడు, మూస్తున్న చప్పుడు. వదిన కుర్చీ చేతులు వదల్లేదు. అత్తయ్య ఎదురుగా నిలబడి చూస్తూనే ఉంది, కాబట్టి లేవనూ లేదు. కళ్లలోంచి నీళ్లు దిగి గడ్డం దాకా వచ్చాయి.

మామయ్య తిరిగొచ్చి అవి చూశారు.

“చూశావా,” అన్నారు అత్తయ్యతో, చాలా సంతోషంగా. “ఇన్నాళ్లకి కూర్చుంది. హాయికి నీళ్లొస్తున్నాయి పిల్లకి.”

* * *

మర్నాడు మధ్యాహ్నం తలుపు గడియ పెట్టి, ఫోను లైటు వేసి చూశాను. వదిన మంచం మీద బోర్లా పడుకుని దిండు కరుచుకుని ఉంది.

“చెప్పు కొత్తా.”

“కొంచెం తెరుచుకుంది.”

“కొంచెమంటే?”

“గోరంత. నీరు కారుతోంది.”

“గోరంటే ఏ వేలి గోరు?”

“బొటనవేలు.”

దిండులోంచి ఏదో తిట్టు వినిపించింది. ఎవర్నో తెలియలేదు. నన్నే అయ్యుండాలి.

సర్జన్‌కి ఫోన్ చేశాను. ఆమె కోప్పడలేదు, అందుకే ఎక్కువ భయం వేసింది. సాయంత్రానికల్లా తీసుకురమ్మంది. జ్వరం వస్తే సాయంత్రం దాకా కూడా ఆగొద్దంది. చీము లోపలికి వెళ్లిందంటే లోపల పెట్టినదాన్ని కాపాడటం కష్టమంది.

“నాన్న రేపు సినిమాహాలుకి వెళ్తాడు, సీట్లు బిగించడానికి,” అంది వదిన. “అప్పుడు వెళ్దాం.”

“ఇవాళే రమ్మంది వదినా.”

“రేపు.”

“అంత భయమా మామయ్యంటే?”

“భయం కాదే. ఆయన నన్ను పలకా అని పిలిచినప్పుడల్లా నవ్వేదాన్ని. ఇప్పుడు ఆయనకి తెలిస్తే, ముప్పై ఏళ్లు నవ్వింది అబద్ధం అనుకుంటాడు. కాదు. నవ్వినప్పుడు నిజంగానే నవ్వొచ్చేది.”

“మరి ఎందుకు చేయించుకున్నావు?”

వదిన తల ఇటు తిప్పింది. చెంప మీద దిండు గీతలు పడ్డాయి.

“బట్టల షాపులో ప్యాంటు వేసుకుని చూసుకుంటే వెనకాల సంచి వేలాడినట్టుండేది. నాకు నచ్చేది కాదు. వ్యాయామం చేశాను, తిన్నాను, అయినా రాలేదు. డబ్బులు నావే, ఒళ్లూ నాదే. చేయించుకున్నాను. ఇంతకంటే పెద్ద కారణం కావాలా నీకు?”

“నాకక్కర్లేదు.”

“అమ్మకి కావాలి. ఎవరికోసం అంటుంది చూడు. రాసిస్తా.”

నేను గాయం మీద శుభ్రమైన గుడ్డ పెట్టాను. బిగుతు లాగు పైకి లాగడానికి ఇద్దరం కష్టపడ్డాం. ఆమె ఒక్కసారి “అబ్బా” అంది, నేను మూడుసార్లు అన్నాను. ఆమెకి నవ్వొచ్చింది. నవ్వితే నొప్పి. నొప్పికి మళ్లీ నవ్వు.

“పడుకుని నవ్వొద్దంది కదా ఆవిడ,” అన్నాను.

“నోర్ముయ్.”

మేం అలా నవ్వుతుంటే మా ఆయన తలుపు కొట్టి, “ఏంటంత సరదా, నాకూ చెప్పొచ్చుగా,” అన్నాడు. చెప్పకుండా ఉండటం ఎంత కష్టమో అప్పుడే మొదటిసారి తెలిసింది. తలుపు తీయకుండానే “ఆడవాళ్ల మాటలు,” అన్నాను.  తరవాత చెప్పుల చప్పుడు దూరమైంది.

* * *

తెల్లారి వదిన నుదురు పొయ్యిమీద పెనంలా ఉంది.

నేను మెట్లు దిగి మా ఆయన్ని వెతుకుతున్నాను. మామయ్య పైకొస్తూ ఎదురయ్యారు. చేతిలో మొన్నటి సీటు. తొడుగు విప్పి, లోపలివైపు బయటికి తిప్పి పట్టుకున్నారు. లేత పసుపు మరక, అంచున ఎరుపు.

ఆయన నన్నేమీ అడగలేదు. నన్ను దాటుకుని వదిన గదిలోకి వెళ్లారు. వెనకే నేను.

“పలకా. ఇదేంటి?”

వదిన తలెత్తింది. మరక చూసింది. నన్ను చూసింది. ఇక ఏ అబద్ధానికీ ఓపిక లేనట్టు మళ్లీ తల దిండు మీద పెట్టేసింది.

“నేను జారిపడలేదు నాన్నా.”

“మరి?”

“ఆపరేషన్ చేయించుకున్నాను. వెనకాల ఎత్తుగా ఉండాలని. లోపల సిలికాన్ పెట్టారు.”

మామయ్య మంచం పక్కనున్న స్టూలు మీద కూర్చున్నారు. తొడుగుని ఒళ్లో పెట్టుకుని మడిచారు, విప్పారు, మళ్లీ మడిచారు.

“లోపలంటే? చర్మం కిందా?”

“కండ లోపల.”

“జెల్లా, గట్టిదా?”

“గట్టిదే. కానీ మెత్తగా వంగుతుంది.”

“ఊ.” ఆయన తొడుగు మడత సరిచేశారు. “కోత ఎక్కడ?”

వదిన ముఖం దిండులో దాచుకుంది. నేనే చెప్పాను. “మధ్యలో మామయ్యా.”

ఆయన చేతులు ఆగిపోయాయి. మొన్న తను చెప్పిందంతా ఆయనకి గుర్తొస్తోందని ముఖం చూస్తే తెలిసింది. పక్కలు విడిపోతాయి. మధ్యలో గాలాడుతుంది.

“అయితే కుట్టు విప్పింది నేనే.”

“కాదు నాన్నా. కూర్చుంది నేను.”

“చెప్తే నేనెందుకు కూర్చోమంటానే?”

“చెప్తే చేయించుకోనిచ్చేవాడివా?”

మామయ్య దీనికి ఏదో అనబోయి ఆగారు. అబద్ధం చెప్పడం ఇష్టం లేక ఆగారని నాకనిపించింది.

“ఎవరికోసం?”

అత్తయ్య గుమ్మంలో ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. వదిన నావైపు చూసి కనుబొమలు ఎగరేసింది, చెప్పానా లేదా అన్నట్టు.

“నాకోసమే అమ్మా.”

“నీకోసం నువ్వు వెనక్కి తిరిగి చూసుకుంటావా? మెడ తిరుగుతుందా అంత? ఇరవైలో పెళ్లి చేసుకోమంటే వద్దంది. ఇప్పుడీ వయసులో కోయించుకుని... ఎవడో ఉన్నాడు. ఉంటే చెప్పు, నేనేం అనను.”

“ఉంటే వాడే వచ్చి మందు రాసేవాడు కదమ్మా. కొత్తకెందుకీ పాట్లు?”

“దానికి ముందే తెలుసా!” అత్తయ్య నావైపు తిరిగింది. “ఇంటికొచ్చి రెండు నెలలు. అప్పుడే మాకు తెలియని గూడుపుఠాణీ!”

“అత్తయ్యా, తిట్లు తరవాత తింటాను,” అన్నాను. నా గొంతే నాకు కొత్తగా ఉంది. “ముందు వదిన ఒళ్లు ముట్టుకుని చూడండి.”

అత్తయ్య వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి వెనక్కి తీయలేదు.

“వ్యాను తియ్యమనండి,” అంది మామయ్యతో.

సోఫాలు చేరవేసే వ్యాను అది. మామయ్యే వెనకాల ఫోమ్ పరిచారు, దాని మీద దుప్పటి వేశారు. మా ఆయన అక్కని రెక్కలు పట్టి ఎక్కించాడు. అప్పటికి ఆయనకీ సంగతి తెలిసింది. నావైపు మాత్రం చూడలేదు. ముందు సీట్లో అత్తయ్య. వెనకాల, సగం కట్టిన రెండు సినిమాహాలు కుర్చీల మధ్య, బోర్లా పడుకుని వదిన. ఒక పక్క నేను, ఒక పక్క మామయ్య.

వ్యాను కుదిపినప్పుడల్లా మామయ్య చెయ్యి చాచి కుర్చీలు ఆమె మీదికి జరగకుండా ఆపుతున్నారు.

“తీసేస్తే మళ్లీ పెడతారా?” అని అడిగారు, దారిలో సగం దూరం వెళ్లాక.

“పెడతారట. నెలలు ఆగాలట,” అన్నాను.

“ఆగుదాం,” అన్నారు మామయ్య.

వదిన ముఖం అటు తిప్పేసుకుంది.

* * *

సర్జన్ చూసి, స్కాన్ తీయించి, చేతులు కడుక్కుని వచ్చింది.

“ఎడమవైపు చీము చేరింది. ఆ వైపు పెట్టింది ఇవాళే తీసేయాలి. ఇందులో ఆలోచించడానికేం లేదు.” ఆమె వదినతోనే మాట్లాడుతోంది, మేం నలుగురం గోడ పక్కన సామాన్లలా నిలబడ్డాం. “కుడివైపు ఇప్పటికి బాగానే ఉంది. అది మీ ఇష్టం. ఉంచితే నిలవొచ్చు. నిలవకపోతే అటూ పాకి మళ్లీ ఆపరేషన్. ఉంచినన్నాళ్లూ ఒక పక్క ఎత్తు, ఒక పక్క చదును. రెండూ తీసేస్తే సమంగా ఉంటుంది, ప్రమాదం తక్కువ. కాకపోతే మొత్తం మొదటికొస్తుంది. మత్తు ఇచ్చేలోపు చెప్పండి.”

“రెండూ...” అని మొదలుపెట్టాడు మా ఆయన.

“నువ్వాగు,” అంది వదిన. తల మెల్లగా మామయ్యవైపు తిప్పింది. “నువ్వు చెప్పు నాన్నా. నువ్వేమంటే అది.”

మామయ్య గొంతు సవరించుకున్నారు. ఆయన నోరు తెరిచేలోపు అత్తయ్య అడ్డం వచ్చింది.

“మీరు చెప్పకండి. మీరు చెప్తే అది వింటుంది. విని, నొప్పెట్టినప్పుడల్లా మిమ్మల్ని అంటుంది. నాకోసమే అంది కదా. దాన్నే చెప్పనివ్వండి.”

ఆ మాటల్లో కోపమే ఉంది. కానీ చెప్పాక అత్తయ్యే అందరికంటే ముందు తలుపు తీసుకుని బయటికి వెళ్లింది. మామయ్య, మా ఆయన వెనకే వెళ్లారు. నేనూ కదిలాను.

“కొత్తా, నువ్వుండు.”

తలుపు మూసుకుంది. గదిలో మేమిద్దరం, గోడ మీద ఏసీ చప్పుడు.

“ఫోన్ తియ్యి. వెనకనించి ఒక ఫోటో తీసి చూపించు.”

“ఇప్పుడా?”

“ఇప్పుడే. ఇప్పటిదాకా నేను చూసుకోలేదే. కట్లు, వాపు, భయం. నువ్వు చూశావు, డాక్టరు చూసింది, నర్సులు చూశారు. నేను చూడకుండానే ఎలా చెప్పను?”

దుప్పటి తీశాను. ఎర్రటి గాయం మీద గుడ్డ కప్పి, వెలుతురు ఉన్న వైపునుంచి ఫోటో తీశాను. మసకగా వచ్చింది, మళ్లీ తీశాను. ఫోను ఆమె చేతికిచ్చాను.

వదిన చూసింది. రెండు వేళ్లతో పెద్దది చేసి చూసింది. చిన్నది చేసి చూసింది.  ఆమె ముఖం వాడిపోయిందో వెలిగిందో నాకు తెలియలేదు. జ్వరం ముఖంలో రెండూ ఒకలాగే ఉంటాయి.

బయట నర్సు తలుపు తట్టింది. “అమ్మా, టైమైంది. ఏమనుకున్నారు?”

వదిన ఫోటో తుడిచేయలేదు. ఫోను మూసి దిండు కింద పెట్టుకుంది.

“డాక్టర్ని పిలవండి,” అంది. “చెప్తాను. అమ్మానాన్నల్ని మాత్రం లోపలికి రానివ్వకండి.”